లేజర్ టోపీతో బట్టతల ఆగుతుందా? మినాక్సిడిల్ మానేసి ఇదొక్కటే వాడొచ్చా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: వయసు 31, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్లుగా నడినెత్తి పలచబడుతోంది, నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి జరిగింది. నాన్నగారిదీ ఇదే తీరు. ఏడాదిగా 5 శాతం మినాక్సిడిల్ (జుట్టు కోసం నెత్తికి రాసే మందు) రాస్తున్నా ఫలితం లేక విసుగొచ్చింది. అమెరికాలో ఉన్న మీ అక్క సంక్రాంతికి వస్తూ లేజర్ టోపీ (లోపలి చిన్న దీపాల్లోంచి నెత్తి మీదకి ఎర్రటి లేజర్ కాంతి పడే టోపీ) తెస్తానంటున్నారు. అది నిజంగా పనిచేస్తుందా, చేస్తే మందు మానేయొచ్చా, ఏది తెప్పించుకోవాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. పనిచేస్తుంది, కానీ కొద్దిగానే. మినాక్సిడిల్‌కి తోడుగా పెట్టుకోండి, దానికి బదులుగా కాదు. నడినెత్తి మీద ప్రయోజనం కనిపించే అవకాశం ఉంది. నున్నగా అయిపోయిన నుదుటి మూలల మీద ఆశ పెట్టుకోకండి. ఆరు నెలలపాటు చెప్పిన రోజుల్లో చెప్పినంతసేపు పెట్టుకోగలననే నమ్మకం ఉంటేనే తెప్పించుకోండి. లేదంటే ఆ డబ్బుతో మంచి డెర్మటాలజిస్టుకి చూపించుకుని మందులు సరిచేయించుకోవడం మేలు.

"కొద్దిగా" అంటే ఎంతో చెప్పాలి కదా. ఈ వైద్యం గురించి మాట్లాడేవాళ్లు మొదట చూపించేది 2014లో అచ్చయిన లేజర్ దువ్వెన అధ్యయనం. 128 మంది మగవాళ్లు, 141 మంది ఆడవాళ్లు, వారానికి మూడుసార్లు, 26 వారాలు. కొందరికి అసలు దువ్వెన ఇచ్చారు, మిగతావాళ్లకి చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి దువ్వెన. అసలుది వాడినవాళ్లకి చదరపు సెంటీమీటరుకి సగటున 18 నుంచి 26 దాకా ముదురు వెంట్రుకలు పెరిగాయి. ఉత్తుత్తిది వాడినవాళ్లకి 2 నుంచి 9 దాకా. ఏమీ చేయని దువ్వెనతో కూడా లెక్క కొంత పెరిగిందన్నది గుర్తుంచుకోండి. లెక్కపెట్టడంలో పొరపాట్లు, రుతువుని బట్టి జుట్టు రాలడం తగ్గడం లాంటివన్నీ అందులో ఉంటాయి. ఈ అధ్యయనానికి డబ్బు పెట్టింది దువ్వెన తయారుచేసిన కంపెనీయే. అంతమాత్రాన అది అబద్ధమైపోదు, కానీ అంకెల్ని కాస్త తగ్గించుకుని చదవాలి.

ఒత్తుగా ఉన్న నెత్తి మీద చదరపు సెంటీమీటరుకి దాదాపు 150 నుంచి 200 వెంట్రుకలుంటాయి. పలచబడిన చోట 100 ఉన్నాయనుకుంటే, ఇంకో 20 వస్తే తేడా తెలుస్తుంది. ట్యూబ్‌లైట్ కింద నెత్తి మెరవడం తగ్గుతుంది. ఇంటర్ హాల్‌టికెట్ ఫొటోలో ఉన్న జుట్టు మాత్రం తిరిగి రాదు. ఉన్నది రాలకుండా ఆగడమే చాలామందికి దక్కే అసలు ఫలితం. దాన్ని ఫలితంగా లెక్కవేయనివాళ్లు మూడో నెలలోనే టోపీని అటక మీద పడేస్తారు.

బదులుగా ఎందుకు పనికిరాదంటే

వంశపారంపర్య బట్టతలలో అసలు దోషి డీహెచ్‌టీ అనే హార్మోను. టెస్టోస్టిరాన్ నుంచి 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము దీన్ని తయారుచేస్తుంది. జన్యుపరంగా దానికి లొంగే కుదుళ్లు ఒక్కో విడతకి కాస్త కుంచించుకుపోతూ, లావు వెంట్రుక బదులు సన్నటి నూగుని పుట్టిస్తాయి. ఎర్రటి లేజర్ కాంతి ఈ డీహెచ్‌టీ జోలికే పోదు. అది చేసేది వేరు. కణాల్లోని మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది, అది ఎర్ర కాంతిని పీల్చుకుంటుంది. దానికి అంటుకుని పనికి అడ్డుపడే నైట్రిక్ ఆక్సైడ్ విడిపోతుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారీ పెరుగుతుంది. దాంతో విశ్రాంతి దశలో ఉన్న కుదురు మళ్లీ పెరిగే దశలోకి వస్తుందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. పురుగు పట్టిన చేనుకి యూరియా చల్లితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. కొన్నాళ్లు పచ్చగా కనిపిస్తుంది, పురుగు మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

ఆ పురుగుని, అంటే డీహెచ్‌టీని, పట్టేది మగవాళ్లలో ఫినాస్టరైడ్ మాత్ర, రోజుకి 1 మి.గ్రా. మీరు అది వాడుతున్నట్టు రాయలేదు. లైంగికపరమైన దుష్ఫలితాలు, వీర్యకణాల సంఖ్య తగ్గడం, మానసికంగా కుంగిపోవడం లాంటివి కొద్దిమందిలో ఉంటాయి కాబట్టి డాక్టరుతో కూర్చుని మాట్లాడాకే మొదలుపెట్టాలి. పెళ్లయి పిల్లల కోసం ప్రయత్నిస్తుంటే ఆ మాట ముందే చెప్పండి. టోపీ గురించి ఇంత ఆలోచిస్తున్నవాళ్లు దీని గురించి ఒక్క అరగంటైనా మాట్లాడకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

మినాక్సిడిల్ విషయానికొస్తే, దాని దయతో నిలబడ్డ వెంట్రుకలు అది ఆపిన మూడు నాలుగు నెలల్లో రాలిపోతాయి. మీరు జనవరిలో మందు ఆపి టోపీ మొదలుపెడితే ఏప్రిల్‌కి జుట్టు బాగా రాలుతుంది. అప్పుడు నింద టోపీ మీద పడుతుంది. రెండూ కలిపి వాడితే మేలన్నదానికి ఆధారముంది. ఈజిప్టులో 45 మంది మహిళల్ని మూడు గుంపులు చేసి ఒక గుంపుకి మినాక్సిడిల్, ఒక గుంపుకి లేజర్ టోపీ, ఒక గుంపుకి రెండూ ఇచ్చి చూశారు. 2017లో ఫలితాలు ప్రచురించారు. విడివిడిగా రెండూ దగ్గరదగ్గరగా పనిచేశాయి, కలిపి వాడినవాళ్లే ఎక్కువ తృప్తిగా ఉన్నారు. చిన్న అధ్యయనమే, అయినా క్లినిక్కుల్లో కనబడేదీ ఇదే.

ఇంకో మాట. ఏడాది రాసినా ఫలితం లేదంటున్నారు, రాసే పద్ధతి ఒకసారి చూసుకోండి. ఒక విడతకి 1 మి.లీ., అదీ పొడి నెత్తి చర్మం మీద. చాలామంది జుట్టు మీద చల్లుతారు. జుట్టుకి అంటిన మందు దిండుకే పోతుంది.

ఏ నెత్తికి పనికొస్తుంది

లేజర్ బతికున్న కుదురుని లేపగలదు, చచ్చినదాన్ని పుట్టించలేదు. కిటికీ పక్కన పగటి వెలుతురులో నిలబడి, ఎవరిచేతనైనా ఫోన్‌తో దగ్గరగా నడినెత్తి ఫొటో తీయించుకోండి. పలచబడిన చోట సన్నటి నూగు, రకరకాల మందంలో వెంట్రుకలు కలగలిసి కనిపిస్తే పని జరిగే నేల అది. చర్మం గాజులా మెరుస్తూ, రంధ్రాలు కూడా కనబడకపోతే అక్కడ ఏ కాంతీ పనిచేయదు. పరికరాలకి అనుమతులు కూడా ఇలాంటి పరిధిలోనే ఉన్నాయి: మగవాళ్లలో బట్టతల ఎంత ముదిరిందో కొలిచే నార్‌వుడ్ స్కేలు మీద రెండు నుంచి ఐదు దశల దాకా, ఆడవాళ్లలో అలాంటిదే అయిన లుడ్విగ్ స్కేలు మీద తొలి, మధ్య దశలు.

అసలు మీది ఈ రకం జుట్టు రాలడమేనా అన్నది కూడా తేల్చుకోవాలి. డెంగీ, టైఫాయిడ్, కోవిడ్, కాన్పు, పెద్ద ఆపరేషన్, కఠినమైన డైటింగ్, వీటిలో ఏదైనా జరిగిన రెండు మూడు నెలలకి గుప్పిళ్లకొద్దీ రాలుతుంది. అది దానంతటదే ఆగుతుంది, లేజర్ అక్కర్లేదు. నాణెంలా గుండ్రంగా ఒకచోట పోతే అది పేనుకొరుకుడు, దాని వైద్యం వేరు. దురద, మంట, కుదుళ్ల చుట్టూ ఎర్రదనం, మచ్చ కట్టడం ఉంటే వెంటనే చూపించుకోవాలి, ఆలస్యమైతే అక్కడ జుట్టు శాశ్వతంగా పోతుంది. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), విటమిన్ డి, బి12 పరీక్షలు ఒకసారి చేయించండి. ఫెరిటిన్ అడుగంటి ఉండగా ఏ టోపీ పెట్టినా డబ్బు దండగ.

మన చర్మం రంగు సంగతి

దీన్ని అమ్మేవాళ్లు చెప్పరు. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ పత్రాలు తీసి చూస్తే, చాలా పరికరాలకి చర్మం రంగు ఫిట్జ్‌పాట్రిక్ స్కేలు (తెలుపు నుంచి నలుపు దాకా ఆరు రకాలు) మీద ఒకటి నుంచి నాలుగో రకం దాకా ఉన్నవాళ్లకే అని రాసుంటుంది. ట్రయల్స్‌లో తీసుకున్నది వాళ్లనే. మన తెలుగువాళ్లలో నాలుగు, ఐదు రకాలవాళ్లు ఎక్కువ, ఆరు కూడా ఉంటారు. దీని అర్థం మనకి ప్రమాదమని కాదు. టోపీలో లేజర్ కాంతినిచ్చే చిన్న దీపాన్ని డయోడ్ అంటారు. ఒక్కో డయోడ్ 5 మిల్లీవాట్లు మించదు, ఆ శక్తితో చర్మం కాలదు. కాకపోతే చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎర్ర కాంతిని కొంత మింగేస్తుంది, కుదురు దాకా ఎంత చేరుతుందన్నదానికి మన రంగు మీద కొలతలు తక్కువ. జుట్టు కింద దాగిన నెత్తి ముఖం కన్నా తెల్లగానే ఉంటుంది, బండి మీద ఎండలో తిరిగి కమిలిన నడినెత్తి మాత్రం అలా ఉండదు. "నేను నల్లగా ఉంటాను కదా, ఇంకో పది నిమిషాలు పెడతా" అని సొంత లెక్క వేసుకోవద్దు. ఎందుకో కిందే చెబుతాను.

మోతాదు లెక్క

డబ్బాల మీద "272 లేజర్లు", "6 నిమిషాలు చాలు" అని చూసి జనం తికమక పడతారు. లెక్క నిజానికి చిన్నది. డయోడ్ల సంఖ్యని ఒక్కోదాని శక్తితో, దాన్ని సెకన్లతో హెచ్చిస్తే మొత్తం శక్తి జౌళ్లలో వస్తుంది.

80 డయోడ్లు, ఒక్కోటి 5 మిల్లీవాట్లు: మొత్తం 0.4 వాట్లు. 20 నిమిషాలంటే 1200 సెకన్లు. 480 జౌళ్లు. టోపీ కప్పే నెత్తి సుమారు 500 చదరపు సెం.మీ. అనుకుంటే చ.సెం.మీ.కి ఒక జౌలుకి కాస్త తక్కువ. ఇప్పుడు 272 డయోడ్లు, 6 నిమిషాలు: 1.36 వాట్లు, 360 సెకన్లు, 490 జౌళ్లు. రెండూ ఒకటే! ఎక్కువ డయోడ్లకి ఎక్కువ డబ్బు పెడితే మీరు కొంటున్నది సమయాన్ని మాత్రమే. ఇంకోటి చూడండి. 82 డయోడ్ల టోపీ రోజుకి 6 నిమిషాలు పెట్టుకోమంటారు, విడతకి 148 జౌళ్లే, కానీ వారానికి ఏడుసార్లు కాబట్టి 1033. 80 డయోడ్లది 20 నిమిషాల చొప్పున వారానికి రెండుసార్లు, 960. వారం మొత్తం కలిపితే మళ్లీ దగ్గరికే వచ్చాయి. అందుకే ఒక కంపెనీ టోపీని ఇంకో కంపెనీ టైమ్‌టేబుల్‌తో వాడకూడదు. రోజూ పెట్టాల్సినదాన్ని వారానికి రెండుసార్లు పెడితే అందేది మూడో వంతు కూడా కాదు.

ఎక్కువ పెడితే ఎక్కువ వస్తుందా? రాదు. ఈ కాంతికి కణాలు స్పందించే తీరు గుట్టలా ఉంటుంది: కొంతదాకా పెంచితే మేలు పెరుగుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది, ఇంకా పెంచితే కణం పని మందగిస్తుంది కూడా. రోజు తప్పితే మర్నాడు రెండింతలు పెట్టడం ఇందుకే వద్దనేది.

తరంగదైర్ఘ్యం 630 నుంచి 680 నానోమీటర్ల మధ్య ఉండాలి. ఎక్కువ పరికరాలు 650, 655 దగ్గర ఉంటాయి. అవాంఛిత రోమాలు తీసే లేజర్లు వేరే జాతి. 755, 810, 1064 నానోమీటర్లలో, మిల్లీసెకన్లలో భారీ శక్తిని గుమ్మరించి కుదురుని కాల్చేస్తాయి. "లేజర్ పెడితే ఉన్నది కూడా ఊడిపోదా" అని భయపడేవాళ్లకి జవాబు ఇదే. తమాషా ఏంటంటే, రోమాలు తీయించుకున్నచోట అంచుల వెంబడి కొత్తగా వెంట్రుకలు మొలవడం కొందరిలో జరుగుతుంది. అంచుల్లో శక్తి తక్కువగా తగలడం దానికి ఒక కారణమంటారు. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ ఎలుకల వీపు గొరిగి రూబీ లేజర్ వేసినప్పుడు కూడా ఆయన చూడాలనుకున్నది జుట్టు పెరుగుదలని కాదు. లేజర్ తగిలిన ఎలుకలకి బొచ్చు తొందరగా రావడంతో ఈ కథంతా మొదలైంది.

పెట్టుకునే పద్ధతి, ఎక్కడ చెడుతుంది

తలస్నానం చేసి, జుట్టు పూర్తిగా ఆరాక పెట్టుకోండి. మన ఇళ్లలో ఈ వైద్యాన్ని చెడగొట్టేది మొదట నూనె. కొబ్బరినూనె, ఆముదం పట్టించిన నెత్తి మీద కాంతి కొంత అటూ ఇటూ చెదిరిపోతుంది, జుట్టు గడ్డకట్టి చర్మాన్ని కప్పేస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం, ఆ నూనె డయోడ్ల ముందున్న ప్లాస్టిక్ కవరుకి అంటుకుని, దాని మీద దుమ్ము పేరుకుని, మూడు నెలలకి పసుపు పొర కడుతుంది. నూనె పెట్టుకోవాలనుంటే లేజర్ లేని రోజు రాత్రి పెట్టుకుని, మర్నాడు షాంపూతో కడిగేయండి. లోపలి కవరుని వారానికోసారి మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. స్పిరిట్‌తో తుడవొచ్చో లేదో మాన్యువల్ చూడాలి, కొన్ని ప్లాస్టిక్‌లు స్పిరిట్‌కి మసకబారతాయి.

రెండోది జుట్టే. నల్లటి ఒత్తు జుట్టు కాంతిని అక్కడికక్కడే మింగేస్తుంది. మగవాళ్లు పొట్టిగా కత్తిరించుకుంటే సగం సమస్య తీరుతుంది. తిరుమలలో గుండు చేయించుకుంటే జుట్టు ఒత్తుగా వస్తుందనే నమ్మకం మనకుంది. గుండుతో కుదుళ్ల సంఖ్యా మారదు, మందమూ మారదు, మొద్దుగా తెగిన మొన వల్ల అలా అనిపిస్తుందంతే. కానీ మొక్కు ఉండి గుండు చేయించుకుంటే టోపీ మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి సమయం లేదు, కాంతి నేరుగా చర్మం మీదే పడుతుంది. గీతలు, గాట్లు మానేదాకా రెండు మూడు రోజులు ఆగండి.

ఆడవాళ్లకి పొడుగు జుట్టు కాబట్టి పాయలు తీసే పళ్లున్న లేజర్ దువ్వెన, లేజర్ బ్యాండు నయం. టోపీయే ఉంటే పెట్టుకునేముందు పలచబడిన చోట రెండు మూడు పాపిళ్లు తీసుకుని, విడత విడతకి పాపిడి కాస్త పక్కకి జరపాలి. దువ్వెన రకానికి వచ్చే సమస్య ఓపిక. పైన చెప్పిన అధ్యయనంలో 7 కిరణాల దువ్వెనకి 15 నిమిషాలు, 9 కిరణాలదానికి 11, 12 కిరణాలదానికి 8 నిమిషాలు పట్టింది. ఒక్కోచోట కొన్ని సెకన్లు ఆపి అరంగుళం జరపాలి. టీవీ చూస్తూ మామూలుగా తల దువ్వుకున్నట్టు లాగేస్తే ఏ చోటా సరిపడా కాంతి పడదు.

టోపీ తీశాక మినాక్సిడిల్ రాయండి, ముందు కాదు. ఆరిపోయిన మందు తెల్లటి పొరలా నెత్తి మీద ఉండి కాంతికి అడ్డం, కవరుకీ అంటుకుంటుంది. మే నెలలో విజయవాడ, రామగుండం లాంటి చోట్ల ఫ్యాన్ కిందో ఏసీలోనో కూర్చుని పెట్టుకోండి. డయోడ్లకి వేడి పడదు, కొన్ని టోపీలు వేడెక్కితే మధ్యలోనే ఆగిపోతాయి. పెట్టుకున్నవాళ్లు పూర్తయిందనుకుంటారు. చివర వచ్చే బీప్ విన్నాకే తీయండి.

మొదటి నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో కొందరికి జుట్టు మామూలుకన్నా ఎక్కువ రాలుతుంది. పాత వెంట్రుకని తోసేసి కొత్తది మొదలవడం వల్ల అది. రెండు నెలలు దాటినా తగ్గకపోతే చూపించుకోండి. కొద్దిగా దురద, పొడిబారడం, తలనొప్పి కొందరికి ఉంటాయి, తగ్గిపోతాయి.

ఫలితం తేల్చుకోవడం

అద్దం అబద్ధం చెబుతుంది. మొదలుపెట్టకముందే ఫొటోలు తీసుకోండి: పైనుంచి నడినెత్తి, ముందు, రెండు పక్కలు. అదే గది, అదే లైటు, ఫ్లాష్ ఒకే తీరు, అదే దూరం, జుట్టు పొడిగా, పొడవు కూడా అంతే. తర్వాత 16వ వారం, 26వ వారం మళ్లీ అలాగే. మధ్యలో రోజూ చూసుకుని బుర్ర పాడుచేసుకోవద్దు, జుట్టు నెలకి సెంటీమీటరుకి కాస్త అటూ ఇటూగా పెరుగుతుంది. అవకాశముంటే మొదట్లో, ఆరు నెలలకి ట్రైకోస్కోపీ (నెత్తినీ కుదుళ్లనీ పెద్దవి చేసి చూసే పరీక్ష) చేయించుకుంటే ఇంకా ఖచ్చితంగా తెలుస్తుంది. 26 వారాల ఫొటోల్లో తేడా లేదు, రాలడమూ తగ్గలేదు అంటే ఇంకో ఏడాది పెట్టినా పెద్దగా మారదు. తేడా ఉంటే కొనసాగించాల్సిందే, ఆపితే కొన్ని నెలల్లో వచ్చిందంతా పోతుంది.

అక్కకి ఏం చెప్పాలి

"ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్" అన్న మాటకి విలువ లేదు. అది ఫ్యాక్టరీ పేరు జాబితాలో ఉందని చెప్పడమే. కావాల్సింది 510(కె) క్లియరెన్స్. దాని నంబరు ఇంగ్లిష్ కె అక్షరంతో మొదలై ఆరంకెలుంటుంది, ఎఫ్‌డీఏ వెబ్‌సైట్లో కొడితే పరికరం పేరు, ఎవరికి వాడాలో రాసిన పత్రం వస్తుంది. 2007 జనవరిలో మగవాళ్ల కోసం హెయిర్‌మాక్స్ దువ్వెనకి మొదట వచ్చింది ఇదే. క్లియరెన్స్ అంటే మందులకిచ్చే ఆమోదం లాంటిది కాదని కూడా తెలుసుకోండి. ముందే అనుమతి ఉన్న పరికరంతో సమానమని చూపిస్తే ఇస్తారు.

టోపీలో ఎన్ని లేజర్లు, ఎన్ని ఎల్‌ఈడీలు అని విడివిడిగా అడగమనండి. ఎల్‌ఈడీ వృథా అని నేననను, 21 లేజర్లు 30 ఎల్‌ఈడీలు కలిపిన టోపీల మీద కూడా మంచి ఫలితాలున్నాయి. కానీ కొన్ని వేలకే దొరికే "రెడ్ లైట్ క్యాప్"లలో అన్నీ ఎల్‌ఈడీలే, శక్తి ఎంతో రాసి ఉండదు, పైన చెప్పిన లెక్క వేయడానికే కుదరదు. టోపీ చేతికొచ్చాక చీకటి గదిలో తెల్ల కాగితం మీద బోర్లించి, కొద్దిగా పైకెత్తి పక్కనుంచి కాగితం మీద పడిన వెలుగుని చూడండి, డయోడ్లలోకి నేరుగా చూడొద్దు. లేజర్ అయితే చిన్న పదునైన చుక్క, దాని లోపల ఇసుక చల్లినట్టు మిలమిల. ఎల్‌ఈడీ అయితే పొగమంచులో దీపంలా పలచగా పరుచుకున్న మరక. చుక్కలు లెక్కపెడితే ఎన్ని వెలగట్లేదో కూడా తెలుస్తుంది. వాపసు ఇచ్చే గడువు అమెరికాలోనే ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష మీ అక్క విమానం ఎక్కకముందే చేయాలి.

అడాప్టరు మీద 100–240 వోల్టులు అని ఉందో లేదో చూడమనండి. 120 మాత్రమే ఉంటే మన 230 వోల్టులకి మొదటి రోజే కాలిపోతుంది. విడి లిథియం బ్యాటరీ ప్యాక్ ఉంటే చేతి సామానులోనే తేవాలి, చెక్ఇన్ బ్యాగులో పెట్టకూడదు. అక్కడ కొన్నదానికి ఇక్కడ వారంటీ చెల్లుతుందా అని కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి, చాలావాటికి చెల్లదు. ఇక్కడే కొంటుంటే ఇంకోటి చూడాలి: 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ నియంత్రణలోకి వచ్చాయి. దిగుమతి చేసినదైతే లేబుల్ మీద దిగుమతిదారు పేరు, ఎండీ-15 లైసెన్సు నంబరు ఉండాలి. "సౌందర్య సాధనం" అని బిల్లిచ్చేవాళ్ల దగ్గర కొనకండి.

క్లినిక్కుల్లో పది పన్నెండు సిట్టింగుల ప్యాకేజీ, పక్కన పీఆర్‌పీ (మన రక్తం నుంచే తీసిన ప్లాస్మాని నెత్తికి ఎక్కించే ఇంజెక్షన్లు) కలిపి అమ్ముతుంటారు. వారానికి మూడుసార్ల లెక్కన ఆరు నెలలకే 78 విడతలవుతాయి. పన్నెండు సిట్టింగులు ఏ మూలకి? ఈ వైద్యం ఇంట్లో చేసుకుంటేనే గిట్టుబాటు.

వాడకూడనివాళ్లు, ఆగాల్సినవాళ్లు: నెత్తి మీద క్యాన్సర్, దాని ముందుదశ మచ్చలు ఉన్నవాళ్లు, లూపస్ లాంటి కాంతి పడని జబ్బులున్నవాళ్లు. మొటిమలకో ఇన్ఫెక్షన్‌కో డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్ లాంటి కాంతికి చర్మాన్ని సున్నితం చేసే మందులు వాడుతుంటే కోర్సు అయ్యేదాకా ఆగండి, లేదా రాసిన డాక్టరుని అడగండి. గర్భిణులు వద్దు, భద్రత మీద సరైన సమాచారం లేదు. మూర్ఛ ఉన్నవాళ్లు పరికరం కాంతి మినుకుమినుకుమనే రకమా అని చూసుకోవాలి. నెత్తి మీద పుండ్లు, ఎక్కువ చుండ్రు, ఫంగస్ ఉంటే ముందు అవి తగ్గించుకోండి. చుండ్రుకి కీటోకోనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, నురగ ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే టోపీని అందకుండా పెట్టండి, వెలుగుతుంటే లోపలికి తొంగి చూడటం వాళ్లకి సరదా.

మీ విషయంలో వరస ఇలా పెట్టుకోమంటాను. ఈ నెలలోనే రక్త పరీక్షలు, డెర్మటాలజిస్టు దగ్గర ట్రైకోస్కోపీ, ఫినాస్టరైడ్ గురించి మాట. మినాక్సిడిల్ రోజుకి రెండుసార్లు రాయడం కుదరకపోతే అదీ అక్కడే చెప్పండి, వేరే దారులున్నాయి. సంక్రాంతికి టోపీ వచ్చాక మొదటి రోజు ఫొటోలు తీసి, క్యాలెండర్ మీద రోజులు గీసుకుని మొదలుపెట్టండి. జులై మధ్యకి 26 వారాలవుతాయి. అప్పుడు ఆ రెండు జతల ఫొటోలు పక్కపక్కన ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.